మూడు వందల లీటర్ల సముద్రం

కరీంనగర్‌కు సముద్రం లేదన్న లోటు తీరిపోయినట్టే. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే బందరు తీరం ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైమాట. ఆదిలాబాద్ నుంచైతే ఇంకా దూరం. అంత దూరం ఎవరు పోతారని కాబోలు, సముద్రమే వచ్చి హాల్లో కూర్చుంది. నాలుగడుగుల అద్దాల పెట్టె, పైన నీలి లైటు, లోపల రాళ్ళ గుట్ట, గుట్టకు అతుక్కొని ఊగులాడే పగడాలు, వాటి మధ్య తెల్లచారల నారింజ క్లౌన్ చేపలు రెండు, బ్లూ టాంగ్ అనే నీలం చేప ఒకటి. దీన్ని రీఫ్ ట్యాంక్ అంటారు. గాజుగిన్నెలో గోల్డ్ ఫిష్‌ను పెంచేవాళ్ళతో దీని యజమానిని పోల్చకూడదు, నొచ్చుకుంటాడు. అది చేపలు పెంచడమనీ, ఇది సముద్రంలో ఒక తునకను ఇంటికి తెచ్చుకోవడమనీ సవరిస్తాడు. నా పేచీ అంతా ఆ సవరణతోనే. చేపలు పెంచుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. సముద్రాన్నే తెచ్చుకున్నానంటే మాత్రం ఒకసారి లెక్క చూడాలనిపిస్తుంది. చూస్తే తేలేదేమిటంటే, సముద్రం పైసా పుచ్చుకోకుండా చేసే పనులన్నిటికీ ఈ పెద్దమనిషి జీతగాడిగా కుదిరాడు; పైగా జీతం కూడా తనే ఎదురిస్తున్నాడు.

మొదట ఉప్పు సంగతి. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మూడు వందల లీటర్ల తొట్టికి పదిన్నర కిలోలు. చినగంజాం ఉప్పు బస్తా విప్పి కుమ్మరిస్తే సరిపోదా అని అడిగితే యజమాని నవ్వుతాడు. ఆ నవ్వు న్యాయమే. ఉప్పుమళ్ళలో నీళ్ళు ఎండుతుంటే ముందు సున్నమూ జిప్సమూ అడుక్కి దిగుతాయి, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం చేదునీళ్ళలో మిగిలిపోతుంది. మన వంటింటి దాకా వచ్చేది సముద్రంలోంచి ఏరిన ఒక్క దినుసు మాత్రమే. పగడానికి అది చాలదు. తన రాతిగూడు కట్టుకోవడానికి దానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావాలి, అంతకు మూడింతలు మెగ్నీషియం ఉండాలి, క్షారం హెచ్చుతగ్గులు లేకుండా నిలబడాలి. అందుకని సముద్రం పొడి రూపంలో డబ్బాల్లో దిగుతుంది. 'ఇన్‌స్టంట్ ఓషన్' అన్న పేరుతోనే ఒక సరుకుంది. ఇన్‌స్టంట్ కాఫీ, ఇన్‌స్టంట్ సాంబారు తాగి అరిగించుకున్న జాతికి ఇన్‌స్టంట్ సముద్రం ఒక లెక్కా. ఆ పొడిని కలపడానికి బోరునీళ్ళు పనికిరావు, నల్లానీళ్ళూ పనికిరావు. వాటిలో నైట్రేటో, ఫాస్ఫేటో, సిలికానో ఉంటుంది, తొట్టినిండా నాచు కమ్ముకుంటుంది. కాబట్టి నీళ్ళను ఆర్వోలోంచి, ఆపైన ఇంకో రెసిన్ గొట్టంలోంచి పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపేదాకా వడకట్టాలి. అంటే ఉన్న లవణాలన్నీ కరెంటు పెట్టి తీసేసి, లేని లవణాలను డబ్బు పెట్టి కలపడం. ఒక లీటరు మంచినీళ్ళు చేతికొచ్చేలోగా రెండు మూడు లీటర్లు మోరీ పాలవుతాయి. వారానికి తొట్టిలో పదోవంతు నీళ్ళు మార్చాలి కనుక వారం వారం ముప్పై లీటర్లు, కిలో పొడి. ఆదిలాబాద్ అడవుల్లో మెస్రం వంశీయులు ఏటా హస్తినమడుగు నుంచి గోదారి జలాన్ని కాలినడకన కేస్లాపూర్‌లోని నాగోబా దేవుడికి మోసుకొస్తారు. ఆ జలానికి టీడీఎస్ ఎంతో వాళ్ళెప్పుడూ చూసుకోలేదు, నాగోబా అడగనూ లేదు.

ఉప్పు తర్వాత ఎండ. పగడానికి 24 నుంచి 27 డిగ్రీల దాకా సుఖం. అంతకు బాగా మించి రోజుల తరబడి వేడెక్కితే తన ఒంట్లో కాపురముంటూ తిండి వండిపెట్టే సూక్ష్మమైన నాచును బయటికి నెట్టేసి తెల్లబోతుంది. మళ్ళీ తొందరగా చల్లబడకపోతే చస్తుంది. ఇప్పుడు ఇంత సుకుమారానికి మనం చూపిన ఊళ్ళేవి? మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం, మంచిర్యాల. డిసెంబరు రాత్రి పదిలోపుకు జారి చలిమంటల ముందు కూర్చోబెట్టే ఆదిలాబాద్. తొట్టికి ఒకవైపు చిల్లరు, ఇంకోవైపు హీటరు. సముద్రంలో ఏడాది పొడుగునా కొద్దిపాటి తేడాతో బతికిన జీవికి ఇక్కడ ఎండాకాలం ఒక యంత్రం, చలికాలం ఒక యంత్రం కాపలా. చిల్లరు నీళ్ళలోని వేడిని తీసి ఎక్కడ పోస్తుంది? హాల్లోనే. హాలు ఉడికిపోతుంది గనుక ఏసీ వేయాలి, ఏసీ ఆ వేడిని వీధిలోకి తోస్తుంది. పంపులు, అలలు పుట్టించే మోటర్లు, లైట్లు, చిల్లరు అన్నీ కలిపి సగటున 250 వాట్లు లాగితే నెలకు 180 యూనిట్లు. గృహజ్యోతి కింద ఒక పేద కుటుంబానికి సర్కారు ఉచితంగా ఇచ్చేది 200 యూనిట్ల దాకా. రెండు క్లౌన్ చేపలు, ఒక బ్లూ టాంగ్ ఉన్న ఈ చిన్న కుటుంబానికి తెల్లకార్డు ఒక్కటే తక్కువ. ఇక కరెంటు పోయిన రాత్రి చూడాలి. ఇంట్లో ముసలివాళ్ళకు విసనకర్ర, తొట్టికి ఇన్వర్టరు.

ఇవన్నీ ఖర్చుల గొడవలే, ఖర్చు పెట్టేవాడి ఇష్టం అనవచ్చు. నిజమే. అసలు బోల్తా వేరేచోట ఉంది. సముద్రం సముద్రమైంది ఉప్పువల్ల కాదు, పరిమాణంవల్ల. భూమ్మీది సముద్రాలన్నీ కలిపి 130 కోట్ల ఘన కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఒక చేప చస్తే ఏమీ కాదు. మూడు వందల లీటర్లలో ఒక చేప రాతి వెనక చచ్చి కనబడకపోతే, తెల్లారేసరికి నీళ్ళలో అమ్మోనియా పెరిగి మిగతావాటికీ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పెద్దమనిషి రోజూ పొద్దున్నే తొట్టి ముందు నిలబడతాడు. చిన్న గాజుగొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు పట్టి, సీసాలోంచి మందు ఒక్కొక్క చుక్కే వేసి ఊపుతూ లెక్కపెడతాడు: ఏడు, ఎనిమిది, తొమ్మిది. నీలం పసుపయిందా లేదా అని గొట్టాన్ని కిటికీ వెలుగుకు పెట్టి, కన్ను చికిలించి, భార్యను పిలిచి, పసుపేనా అని అడుగుతాడు. ఆకుపచ్చలా ఉందంటుందామె. ఇంకో చుక్క. ఆ తర్వాత అల్మరా తలుపు తీసి కింద ఉన్న స్కిమ్మరు గిన్నె బయటికి లాగుతాడు. నురగతో పాటు పైకి తేలిన చేపల మలం, మిగిలిన మేత, చచ్చిన నాచు అంతా కలిసి చిక్కటి టీ డికాషన్ రంగులో, కుళ్ళిన వాసనతో నాలుగు వేళ్ళ మందం. దాన్ని సింకులో ఒంపి గిన్నె కడుగుతాడు. వైర్ల మీద, పైపు కీళ్ళ మీద పేరుకున్న తెల్లటి ఉప్పుపొరను తడిగుడ్డతో తుడుస్తాడు. సముద్రంలో ఈ పనులకు పెట్టిన మనుషులెవరూ లేరు. పాత రోజుల్లో పటేలింట్లో జీతమున్నవాడు పేడ ఎత్తి, కుడితి పెట్టి, కొట్టం ఊడ్చేవాడు. వాడు మాత్రం ఎన్నడూ తాను ప్రకృతి ఒడిలో సేద తీరుతున్నానని చెప్పుకోలేదు.

పగడానికీ మనకూ చుట్టరికం లేకపోలేదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చూడండి. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ ముట్టననీ వర్తకులకు మాట ఇచ్చి, ఏ సరుకుకు ఎంత సుంకమో రాయించాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టుదారం, మిరియాలతో పాటు ఆ పట్టికలో పగడాలూ ఉన్నాయి. అప్పటినుంచీ పగడం మన నల్లపూసల మధ్య కూర్చుంది, కుజుడు వక్రించినవాడి వేలికి ఉంగరమై ఎక్కింది. చచ్చిన పగడం గనుక చిల్లరు అడగలేదు. బతికిన పగడం సంగతికొస్తే, ఇంత పొడుగు తెలుగు తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బ ఒక్కటీ లేదు. దేశంలో అవి ఉన్నవి కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖలో, లక్షదీవుల్లో, అండమాన్ నికోబార్‌లో. మన తీరంలో లేకపోవడానికి కారణాలు వెతికితే అందులో ఒకటి మన వాకిట్లోనే పారుతోంది. బాసర, ధర్మపురి, మంథని దాటి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని పోయే గోదారి, వానాకాలమంతా ఒండ్రునూ మంచినీళ్ళనూ తీసుకెళ్ళి బంగాళాఖాతంలో గుమ్మరిస్తుంది. నీళ్ళు బురదయితే పగడంలోని నాచుకు ఎండ అందదు, ఉప్పదనం తగ్గితే పగడానికి పడదు. కృష్ణా అంతే. ఆ ఒండ్రు తిన్న డెల్టా అన్నం పెట్టింది గనుక పగడాలు లేవని ఎవరూ ఏడవలేదు. గోదారి తన ముంగిట మొలవనియ్యని జీవిని తెచ్చి గోదారి గడ్డమీదే కాపురం పెట్టించడం, అదీ ప్రకృతి ప్రేమ పేరుతో, మెచ్చుకోదగ్గ సాహసమే.

ఇక్కడ యజమాని గొంతు సవరించుకుంటాడు. సముద్రాల్లో దిబ్బలు చచ్చిపోతున్నాయి కదా, మేం ఇళ్ళల్లో బతికించి కాపాడుతున్నాం కదా అంటాడు. మొదటి సగం అక్షరాలా నిజం. లక్షదీవుల పగడాలు 1998లో తెల్లబోయాయి, 2010లో, 2016లో, మళ్ళీ 2024లో. సముద్రం వేడెక్కడమే కారణం. వేడెక్కించింది బొగ్గూ చమురూ. ఇటు కరీంనగర్ తొట్టిని చల్లబరిచే కరెంటు ఎక్కడిది? సింగరేణి బొగ్గును తగలబెట్టే 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ ఇక్కడికి అట్టే దూరంలో లేదు. నా ఒక్క తొట్టివల్ల లక్షదీవులు మునుగుతాయా అంటే మునగవు, ఒప్పుకుంటాను. కానీ ఒక తొట్టివల్ల అవి మునగకపోతే, ఒక తొట్టివల్ల బతకనూ బతకవు. తరాజు రెండువైపులా ఒకటే రాయి వేయాలి. ఇక చేపలు. మంచినీటి అలంకార చేపల్లో నూటికి తొంభై చెరువుల్లో, తొట్లలో పుట్టినవే. ఉప్పునీటి చేపల్లో ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2003లో వెలువరించిన లెక్క ప్రకారం ఏటా రెండు కోట్లకు పైగా చేపలు, కోటికి పైగా పగడపు ముక్కలు ఈ వ్యాపారంలో చేతులు మారాయి. ఫిలిప్పీన్స్ దిబ్బల్లో 1960ల నుంచీ సయనైడు నీళ్ళు చల్లి, మత్తెక్కిన చేపను ఏరుకునే పద్ధతి నడిచింది. చల్లిన చోట పగడం చచ్చేది. ఆ నీలం చేపను మనుషులు తొట్టిలో పుట్టించి పెంచగలిగిందే 2016లో. క్లౌన్ చేపలు మాత్రం హేచరీల్లో చక్కగా పుడుతున్నాయి, వాటి విషయంలో యజమానికి మార్కులు వేయాల్సిందే.

పగడం కూడా కొమ్మ తుంచి నాటుకున్నదే, సముద్రంలో కోసింది కాదు అంటాడు తర్వాత. కావచ్చు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో దిబ్బలు కట్టే రాతిపగడాలన్నిటినీ, సముద్రగుర్రాలతో పాటు, మొదటి పట్టికలో చేర్చారు. కవ్వాల్ పులి ఉన్నది ఆ పట్టికలోనే. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. చట్టం జీవి పేరు చూస్తుంది. ఏ కొమ్మకు మొలిచిందని అడగదు. మెత్తని పగడాల్లో చాలావాటికి ఆ బెడద లేదు, అయినా ఏది మెత్తనిదో ఏది రాతిదో అమ్మేవాడి నోటిమాటే చాలామందికి ప్రమాణం. జన్నారం అడవిలోంచి పులికూనను తెచ్చి వరండాలో గొలుసేసి, బయట పులులు తగ్గిపోతున్నాయి కదా, ఒక్కదాన్నైనా కాపాడుతున్నాను అనేవాడిని ఊరు ఏమంటుందో అందరికీ తెలుసు. పగడం గాండ్రించదు. దాని ఖర్మ అక్కడుంది.

ఇంకో వాదన మిగిలింది, కొంచెం బరువైనది. పిల్లలు నేర్చుకుంటారు అంటారు. నేర్చుకుంటారు, కాదనను, లీటరుకు ఎన్ని గ్రాములు, క్షారమెంత, అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఏది అని ఆ ఇంటి పిల్లవాడు గడగడా చెప్పగలడు. రసాయనశాస్త్రానికి ఇంతకంటే మంచి ట్యూషన్ ఉండదు, ఇంతకంటే ఖరీదైనదీ ఉండదు. కానీ అదే పిల్లవాణ్ణి దిగువ మానేరు కట్ట మీదికి తీసుకెళ్ళి, వలలోంచి తీస్తున్న చేపల్లో వాలుగ ఏది, జెల్ల ఏది, పరక ఏది అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మాట చేపలకూ వర్తిస్తుందేమో. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకున్న కొర్రమీనును చూడండి. నీళ్ళు ఇంకి చెరువు బురదగా మారినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. ఏ పంపూ అక్కర్లేదు. గుడ్లు పగిలాక తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటే, వందల పిల్లలు బంతిలా ముద్దకట్టి నీటిపైకి తేలతాయి. ఆ పిల్లల రంగు ఎర్రటి నారింజ, క్లౌన్ చేపకు ఏమీ తీసిపోదు. తుంగ పక్కన నీళ్ళు ఉడికినట్టు కదులుతాయి, బంతి మునుగుతుంది, రెండడుగుల అవతల మళ్ళీ లేస్తుంది. దీనికి టికెట్టు లేదు, నీలి లైటు లేదు, చూడ్డానికి వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఓపికగా చెరువు గట్టున కూర్చుంటే చాలు.

అయినా సరే హాల్లో అద్దాల తొట్టి ఉండి తీరాలి, వచ్చినవాళ్ళు నిలబడి చూడాలి అంటారా, ఆ కొర్రమీను పిల్లలు నాలుగు తెచ్చి వేసుకోండి. బోరునీళ్ళు చాలు, హీటరూ చిల్లరూ సంతలో అమ్ముకోవచ్చు. మూత మాత్రం గట్టిగా బిగించాలి, ఎగురుతుంది. అది పెరిగి మూరెడయ్యాక ఏం చేయాలో కరీంనగర్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.