నావి ఉత్త కోతలు కావు

నా పేరు క్లాస్ట్రిడియం సిండెన్స్. సిండెన్స్ అంటే లాటిన్‌లో కోసేది అని. కార్టిసోల్ తోకను నేను కత్తిరిస్తుంటే చూసి 1985లో ఆ పేరు పెట్టారు. మనుషుల్లో కోతలు కోసేవాణ్ణి ఎవరూ నమ్మరు. నావి మాత్రం నిజం కోతలే.

కాపురం మీ పెద్దపేగులో. గాలి సోకితే బతకను. కాలేయం వదిలే పైత్యరసంలోని ఆమ్లాల్లో నూటికి 95 పాళ్లు చిన్నపేగు చివర్లోనే వెనక్కి వెళ్లిపోతాయి. జారిపడ్డ ఆ కాస్తలోనే నా కూలి. ఇరుగుపొరుగు బ్యాక్టీరియా గ్లైసీన్, టారిన్ ముక్కలు ఊడబెరికి ఇస్తే, కోలిక్ ఆమ్లంలో ఏడో కార్బన్ మీదున్న హైడ్రాక్సిల్‌ను నేను పీకేస్తాను. మిగిలేది డీఆక్సీకోలిక్ ఆమ్లం. నా పని అంతే.

గొడవల్లా అది పోయే దారితోనే. పేగుల రక్తం పోర్టల్ సిర గుండా తిన్నగా కాలేయంలోకే చేరుతుంది. లావెక్కిన ఎలుకల్లో ఈ ఆమ్లం పెరిగి, కాలేయంలోని స్టెల్లేట్ కణాలను ముసలివి చేసిందనీ, అవి చుట్టుపక్కల వాపు రేపే రసాయనాలు కక్కి కణితులకు ఊతమిచ్చాయనీ 2013లో జపాన్ వాళ్లు రాశారు. ఆ ఎలుకలకు పసికూనలప్పుడే క్యాన్సర్ కారకం పూశారన్న సంగతి మాత్రం, ఈ కథ చెప్పేవాళ్లు మింగేస్తుంటారు!

2018లో అమెరికాలోని బెథెస్డాలో ఏకంగా నన్నే బోనెక్కించారు. ఎలుకలకు యాంటీబయాటిక్ పట్టి మావాళ్లను ఊడ్చేశారు. కోసే దిక్కులేక పైత్యరస ఆమ్లాలు కోయకుండానే మిగిలాయి. వాటి జోరుకు కాలేయ రక్తనాళాల గోడలు సీఎక్స్‌సీఎల్16 అనే కబురు పంపాయి. ఎన్‌కేటీ అనే రక్షక కణాలు పోగయ్యాయి, కణితులు తగ్గాయి. మళ్లీ నన్ను తెచ్చి పేగులో వదిలారు. ఆ కాపలా కాస్తా పలచబడింది. కాదనను, ఆ కోత నాదే.

అయితే 2015లో న్యూయార్క్‌లో తేలింది కూడా చూడండి. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అని అప్పట్లో మా ఇంటిపేరుతోనే పిలిచినవాడు ఒకడున్నాడు. యాంటీబయాటిక్ వాడి మమ్మల్ని తుడిచేసిన పేగులో చొరబడి విరేచనాలతో మనిషిని మంచాన పడేస్తాడు. ఎలుకల్లో వాణ్ణి అడ్డుకున్నది నేనే, ఇదే కోతతో.

కనుక నా మీద కోపంతో మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్ అడక్కండి. ఇంట్లో పాప పుడితే 24 గంటల్లో హెపటైటిస్-బి టీకా పడిందో లేదో నర్సమ్మను అడగండి. కాలేయ క్యాన్సర్లలో పెద్ద వాటా ఆ వైరస్‌ది. ఆ కేసు కూడా నా నెత్తిన రాయకండి.