ఛత్తా బజార్ చాపము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

హైదరాబాదు పాతబస్తీలో ఛత్తా బజార్ శుభలేఖల అచ్చుకూ, ఉర్దూ పేర్లను కలంతో రాసే కాతిబులకూ పేరుబడ్డ వీధి. అక్కడి ఒక దుకాణానికి కార్డులు కూర్చే ప్రోగ్రాం రాస్తూ ఒకానొక కవి, నూన్ అనే అక్షరపు గిన్నెవంపును తెరమీదికి దించబూని, విండోస్ ప్రోగ్రాములకు తెరమీద బొమ్మలు గీసిపెట్టే డబ్ల్యూపీఎఫ్ అనే పనిముట్టు ఛందస్సులో ఈ ఏకపాద కావ్యం చెప్పెను. మెదకు సీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరికి టీక రాయడానికి కాళిదాసు దొరికాడు. మాకు ఇది దొరికింది.

మూలము

ఎం 200,100 ఏ 60,30 -30 1 1 105,155

ప్రతిపదార్థము

ఎం = కలమును ఎత్తి; 200,100 = గీసే ఫలకం ఎడమ పైమూల నుండి కుడికి 200, కిందికి 100 కొలతల దూరమందు పెట్టి (ఇచట కొలత యనగా అంగుళములో 96వ వంతు); 60,30 = అర్ధాక్షములు 60, 30 గల దీర్ఘవృత్తమును; -30 = గడియారపు ముల్లుకు ఎదురుగా 30 డిగ్రీలు వాల్చి; 1 = అందు పెద్ద ముక్కనే గైకొని; 1 = ముల్లు తిరుగు దిక్కుగా; 105,155 = ఆ బిందువు వరకు; ఏ = చాపము గీయుము.

తాత్పర్యము

కుడి కొమ్ము పైకి లేచి, ఎడమ కొమ్ము కిందికి వాలిన గిన్నెను ఉర్దూ రాతకు తగినట్టు కుడినుంచి ఎడమకు గీయమని భావం.

విశేషములు

"1 1 అని రెండుమార్లు చెప్పుట పునరుక్తి దోషము కదా?" అని తొందరపాటు పాఠకుడు అడుగును. కాదు. కొలతా వాలూ మారకుండా రెండు బిందువులను తాకే దీర్ఘవృత్తాలు మామూలుగా రెండుంటాయి. వాటి మీద ఆ బిందువులను కలిపే ముక్కలు నాలుగు. ఏది కావాలో ఈ రెండు అంకెలే తేల్చాలి. మొదటి ఒకటిని సున్న చేస్తే సుమారు 42 కొలతల లోతున్న గిన్నె 18 కొలతల పళ్లెమవుతుంది. రెండోదాన్ని చేస్తే గిన్నె బోర్లపడుతుంది. కేంద్రం ఎక్కడో కవి చెప్పనే లేదు, దాన్ని యంత్రమే ఊహించుకోవాలి. మా దృష్టిలో ఈ పాదానికి అందమంతా అక్కడే ఉంది.

ఇదే పనికి విండోస్ ఫార్మ్స్ అనే మరో పనిముట్టు వాడే శాఖవారికి ఈ సౌఖ్యం లేదు. వారి చాపానికి వాలులేని చతురస్రమో దీర్ఘచతురస్రమో ఇచ్చి, మొదలు కోణం, సాగే కోణం చెప్పాలి. వాలు చెప్పడానికి చోటే లేదు. కనుక మూలబిందువును కేంద్రానికి జరిపి, కాగితాన్నే తిప్పి, గీసి, మళ్లీ యథాస్థితికి తేవాలి. జరపకుండా తిప్పితే చార్మినార్ దగ్గర గీసింది ఫలక్‌నుమాలో తేలుతుంది. యథాస్థితికి తేవడం మరిస్తే ఆ తర్వాత రాసే నికా తేదీ, వలీమా చిరునామా అన్నీ అదే వాలున జారిపోతాయి. ఇక క్యూటీ అనే మూడో శాఖలో నేరుగా చాపం గీసేటప్పుడు కోణాన్ని డిగ్రీలో పదహారో వంతులుగా కొలుస్తారు. 90 డిగ్రీలు కావాలంటే 1440 అనాలి. పైగా అక్కడ ధనకోణం ముల్లుకు ఎదురుతిరుగుతుంది. ఒక శాఖ పాఠాన్ని మరో శాఖలో అతికించేవారికి ప్రాయశ్చిత్తం ఏ స్మృతిలోనూ కనబడదు.

అర్ధాక్షాలు బిందువుల మధ్య దూరానికి చాలకపోతే? డబ్ల్యూపీఎఫ్ తప్పని అనదు. దీర్ఘవృత్తాన్ని సరిపోయేదాకా చప్పుడు చేయకుండా సాగదీస్తుంది. అప్పుడు రెండు ముక్కలూ సమానమై మొదటి ఒకటికి అర్థం పోతుంది. ఈ మర్యాద మాకు నచ్చదు. కవి పొరపాటును దాచే లేఖకుడు కవికి మేలు చేయడు.

కవితో మాకు అసలు పేచీ మరొకటి. కాతిబు కలం ములుకు ఏటవాలుగా తెగి ఉంటుంది. చెయ్యి తిరిగే దిక్కును బట్టి గీత లావెక్కుతుంది, సన్నబడుతుంది. అక్షరం కొలతను కూడా అతడు ఆ కలం వేసే చుక్కలతోనే లెక్కిస్తాడు. ఇక్కడి గీత ఆద్యంతం ఒకే మందం. బయటి వంపొకటి, లోపలి వంపొకటి గీసి నడుమ సిరా నింపితే తప్ప ఇది నూన్ అనిపించుకోదు.

మరొక్క లోపం. పైన చుక్క లేదు. ఉర్దూలో చుక్కలేని నూన్‌ను 'నూన్‌గున్నా' అంటారు, దాన్ని ముక్కుతో పలకాలి. వరుడు ఇర్ఫాన్ అయితే బంధువులు ఇర్ఫాఁ అని చదువుకుంటారు. కవిగారు శుభలేఖ అచ్చుకెక్కక ముందే రెండో పాదం పూర్తిచేయవలెనని మనవి.