నీళ్లు మరీ శుభ్రంగా ఉంచకండి

ఈ సలహాలు చాలామందికి అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. షాపులో చెప్పేదానికి ఇవి పూర్తిగా ఎదురు. అయినా ఇంట్లో 600 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టి సాఫ్ట్ కోరల్స్ (మెత్తటి పగడాలు) పెంచుతానని ఎవరు వచ్చి అడిగినా నేను చెప్పేవి ఇవే. ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ముందు ట్యాంకు కొనకండి. అపార్ట్‌మెంటులో ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించండి. 600 లీటర్ల ఉప్పునీళ్లే 615 కిలోలు తూగుతాయి. అద్దాలు, రాళ్లు, ఇసుక, స్టాండు, అడుగున ఉండే ఫిల్టరు తొట్టి (సంపు) కూడా కలుపుకుంటే టన్నుకు దగ్గర పడుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోట ఆ బరువంతా కూర్చుంటుంది. మన దగ్గర ఇళ్లలో గదుల శ్లాబుకి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కగట్టి డిజైను చేస్తారు. కాబట్టి హాలు మధ్యలో అందంగా ఉంటుందనే ఆశ వదులుకుని, కింద బీము ఎటు పోతోందో కనుక్కుని, గోడవారగా పెట్టాలి.

ట్యాంకు వచ్చాక నీళ్లు, రాళ్లు వేసి వదిలేయండి. చేపలొద్దు, పగడాలొద్దు. అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆ తర్వాత ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది, అది పోయాక పచ్చటి నాచు వస్తుంది. వచ్చినవాళ్లంతా ‘ఇంత డబ్బు పోసి ఈ పాకుడేమిటండీ’ అంటారు. అననివ్వండి. నాచు చంపే మందు సీసా మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. నాచు మేసే నత్తలు నాలుగు తెచ్చి వేయండి, చాలు.

ఇక అసలు సంగతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా అని టెస్ట్ కిట్ చూపిస్తే పొంగిపోతారు. నీళ్లలోని మలినాన్ని నురగగా తీసే స్కిమ్మర్‌ని ట్యాంకుకి కావలసినదానికి రెండింతలు పెద్దది పెడతారు, ఫాస్ఫేటు పీల్చే గుళికలు వేస్తారు, చేపలకి తిండి తగ్గిస్తారు. నీళ్లు గాజులా మెరుస్తాయి, పగడాలు రోజురోజుకీ చిక్కిపోతాయి. సాఫ్ట్ కోరల్స్‌లో చాలావాటి ఒంట్లో సూక్ష్మమైన ఆల్గే కాపురముంటుంది. వెలుతురుతో అది వండిన తిండే పగడానికీ అందుతుంది. ఆ ఆల్గేకి నత్రజని, భాస్వరం కావాలి. అవి లేని నీళ్లలో ఎంత ఖరీదైన లైటు పెట్టినా లాభం లేదు. పైగా ఈ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లోనే డైనోఫ్లాజెల్లేట్లు తరచూ విరుచుకుపడతాయి. చీమిడిలా సాగుతూ, బుడగలు పట్టుకుని వేలాడే ఆ గోధుమరంగు తీగలు ఒకసారి వచ్చాయంటే వదిలించుకోవడం మహా కష్టం. నైట్రేటు లీటరుకు 5 నుంచి 20 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 దాకా ఉండనివ్వండి. చేపలకి కడుపునిండా పెట్టండి.

క్యాల్షియం రియాక్టరూ అక్కర్లేదు. గట్టి పగడాల్లాగా సాఫ్ట్ కోరల్స్ రాతి అస్థిపంజరం కట్టవు. ఒంట్లో ఇసుక రేణువుల్లాంటి చిన్న సున్నపు ముక్కలే ఉంటాయి. రెండు వారాలకోసారి పదో వంతు నీళ్లు మారిస్తే వాటికి కావలసిన ఖనిజాలు అందుతాయి. 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లు, గాలి బుడగలు తప్ప పెద్ద యంత్రమేదీ లేకుండా పగడాల ట్యాంకు నడిపి, ఆ పద్ధతిని పత్రికలో రాశాడు. యంత్రాల జాబితా చేతిలో పెట్టే షాపువాళ్లకి ఆయన పేరు చెప్పాలనిపిస్తుంది నాకు.

పగడం చచ్చిపోతున్నట్టు కనిపించినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోండి. ఇది చాలా కష్టమైన సలహా. టోడ్‌స్టూల్ లెదర్, అంటే సార్కోఫైటాన్, పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. బాగున్నప్పుడు గొడుగు నిండా సన్నటి పాలిప్స్ లేచి నీటి వాలుకి ఊగుతుంటాయి. ఒక్కొక్కదానికి ఎనిమిది చేతులు, ఆ చేతులకి పక్షి ఈకకున్నట్టు అంచులు. ఒకరోజు ఉదయం చూస్తే ఒక్కటీ ఉండదు. గొడుగు ముడుచుకుని, పాలిపోయి, మైనం పూసినట్టు మెరుస్తుంటుంది. మర్నాడూ అంతే. వారం గడిచినా అంతే. యజమాని గుండె జారిపోతుంది, అయోడిన్ పోస్తాడు, లైటు మారుస్తాడు, పగడాన్ని పీకి ఇంకో రాయి మీద పెడతాడు. నిజానికి అది ఒంటి మీద పేరుకున్న ఆల్గేని, మురికిని వదిలించుకోవడానికి పైపొర విడుస్తోంది, అంతే. ఓ అంచున పొర లేస్తుంది, నీళ్లని కదిలించే వేవ్ మేకర్ తోపుకి చిరిగి పాయలు పాయలుగా కొట్టుకుపోతుంది, కింద కొత్త చర్మం మీద పాలిప్స్ మొలకల్లా పైకొస్తాయి. మీరు చేయాల్సిందల్లా అటువైపు నీటి వేగం కాస్త పెంచడం. కంపు కొట్టి, కండ కరిగి జారుతుంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే తీసేయాలి.

పీహెచ్ 7.9 వచ్చిందని పొడులు కలపకండి. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, వేడి 25 డిగ్రీలు, క్షారత 8, 9 డీకేహెచ్ మధ్య నిలకడగా ఉన్నాయా, అది చూడండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గినంతా ఆర్ఓ డీఐ ఫిల్టరులో వడకట్టిన మంచినీళ్లే పోయాలి. హైదరాబాదు బోరు నీళ్లు పనికిరావు, వంటింటి ఆర్ఓ సరిపోదు. కళ్లుప్పు గురించి అడగనే వద్దు.

డబ్బు ఎక్కడ పెట్టాలంటే కనబడని చోట పెట్టండి. లైటు మీద మిగిల్చి చిల్లర్ కొనండి. మే నెలలో మన ఊళ్లలో నీళ్లు 30 దాటడానికి ఒక్క మధ్యాహ్నం చాలు, అలాగే రోజులు గడిస్తే పగడాలు ఆల్గేని కక్కేసి తెల్లబడతాయి. కరెంటు పోతే వేడికంటే ముందు ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకే ఫ్యాను కన్నా ముందు ఒక వేవ్ మేకర్‌ని ఇన్వర్టరుకి కలపండి. ఆ గదిలో దోమల మెషీను, కాయిల్, బొద్దింకల స్ప్రే మానేయండి. వాటిలోని పైరెత్రాయిడ్లు రొయ్యలకి, పీతలకి ప్రాణాంతకం, స్కిమ్మర్ గదిలోని గాలిని నేరుగా నీళ్లలోకి లాగుతుంది. కిటికీలకి జాలీ కొట్టించడం కూడా ట్యాంకు ఖర్చుకిందే రాసుకోండి.

పిడికిలి తెరిచి మూసినట్టు కొట్టుకునే జీనియా పగడం అంటే నాకు ప్రాణం. దాని కుటుంబంలోని ఎర్రసముద్రపు పగడం మీద ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు పరిశోధించి, ఆ కదలిక వల్ల ప్రాణవాయువు బయటికి పోయి కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందని 2013లో తేల్చారు. అంత ఇష్టమైనా దాన్ని పెద్దరాయి మీద పెట్టకండి. ఇసుకలో విడిగా ఉన్న రాయి మీద పెట్టండి, లేకపోతే ఏడాదిలో ట్యాంకంతా అదే. లెదర్ పగడాలు పక్కవాటి మీద విషం వదులుతాయి, సంపులో యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడూ ఉండాలి.

ఒక్క విషయంలో నా దగ్గర సడలింపు లేదు. పాలిథోవా, జోవాంథస్ పగడాల్లో కొన్నింట్లో పాలిటాక్సిన్ ఉంటుంది. మనిషిని ఆసుపత్రి పాలు చేసే విషం అది. వాటిని గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడికించకండి, ఆ ఆవిరి పీలిస్తే ఇంటిల్లిపాదీ పడిపోవచ్చు.

తమిళనాడు తీరంలోని మండపం ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన రాళ్లని తీసుకోకండి. గట్టి పగడాలు, సముద్రపు విసనకర్రలు, ఆర్గన్ పైప్ కోరల్ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికున్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిన ముక్క దాచుకున్నా నేరమే. సిరామిక్ రాళ్ల మీద కూడా కొన్ని నెలల్లో జీవం స్థిరపడుతుంది.

చివరికి పగడం చేటంత పెరిగి కళకళలాడుతున్నప్పుడు, పదునైన బ్లేడు తీసుకుని కోయండి. గొడుగంతా తీసేసినా కాండం మళ్లీ గొడుగు కడుతుంది. కోత వేరే బకెట్టులో చేయాలి, ముక్కల్ని ఉప్పునీళ్లతో కడగాలి, ఆ రోజే కార్బన్ మార్చాలి. ముక్కల్ని గులకరాళ్లున్న గిన్నెలో వేసి పైన దోమతెర గుడ్డ కట్టి, నీళ్లు మెల్లగా పారే మూల పెడితే రెండు మూడు వారాల్లో రాళ్లని పట్టేస్తాయి. వాటిని అమ్మకండి. ఊళ్లో ఉప్పునీటి ట్యాంకులున్నవాళ్లకి ఊరికే ఇచ్చి, ఏ ముక్క ఎవరింట్లో ఉందో రాసిపెట్టుకోండి. మీ చిల్లర్ ఆగిపోయిన ఏ ఎండాకాలమో మళ్లీ వాళ్లింటికి గిన్నె పట్టుకుని వెళ్లాల్సి వస్తుంది.