ప్రతిష్ఠాపనాచార్యులు

క్రొత్త ల్యాప్‌టాప్ కొన్న ఇంటికి, అట్టపెట్టె పూర్తిగా విప్పకమునుపే పిలువని పేరంటముగా విచ్చేసి, సంచిలోనుండి రుద్రాక్షలవలె ఒక త్రాటికి గ్రుచ్చిన ఏడెనిమిది పెన్‌డ్రైవులను తీసి బల్లపై పరచి, "ముందు ఆ విండోసు తుడిచెయ్యండి, తరవాత మాట్లాడుకుందాం" అని ఆసనము స్వీకరించు మహానుభావుని మీరు ఎరిగియే యుందురు. ఎరుగనిచో అది మీ పూర్వజన్మసుకృతము. ఆలయములలో విగ్రహములను ప్రతిష్ఠించువారివలె ఈయన యంత్రములలో లైనక్సును ప్రతిష్ఠించుచుండును గనుక, మా వీధివారు చాటున ఆయనను ప్రతిష్ఠాపనాచార్యులవారనియు, ఎదుట సారనియు పిలుతురు. ఆయన దక్షిణ పుచ్చుకొనడు. కాఫీ రెండుమారులు పుచ్చుకొనును. ప్రతిష్ఠానంతరము యంత్రమునకు కలుగు దుర్గతికి బాధ్యతను మాత్రము ఎన్నడును పుచ్చుకొని యెరుగడు.

ఆయన పాండిత్యము సామాన్యమైనది కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల హెల్సింకి విద్యార్థి లైనక్సునకు గుండెకాయ వంటి కెర్నెలును తాను వ్రాయుచున్న సంగతి లోకమునకు వెల్లడించిన ఘట్టముతో ప్రవచనము మొదలిడి, 1993లో ఇయన్ మర్డక్ తన ప్రియురాలు డెబ్రా పేరును తన పేరును కలిపి, తాను కూర్చిన లైనక్సు రకమునకు డెబియన్ అను నామధేయమును కల్పించిన ఘట్టమునకు వచ్చుసరికి కంఠము గద్గదమగును. అది యే సంధి యని మా వీధిలోని తెలుగు పండితులవారు ఒకసారి అమాయకముగా అడిగినందుకు, ఆయన వారి గడప యేడాదిపాటు త్రొక్కలేదు. పండితులవారి కంప్యూటరు ఆ యేడాదియంతయు చక్కగా పనిచేసినది.

2025 మే మాసములో మా మేనల్లుడు సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, లూనార్ లేక్ అను ప్రాసెసరు గల ల్యాప్‌టాప్ ఒకటి కొనితెచ్చెను. చంద్రసరోవరమని అర్థము వచ్చు ఆ పేరు విని నేను మురియుచుండగనే గేటు చప్పుడైనది. ఆచార్యులవారు వచ్చి, పెట్టెను నలువైపుల త్రిప్పి చూచి, "స్థిరత్వానికి మించిన ధర్మం లేదు బాబూ" అని డెబియన్ 12ను ప్రతిష్ఠించిరి. టాయ్ స్టోరీ అను బొమ్మల చలనచిత్రములోని పాత్రల పేర్లను తమ విడుదలలకు పెట్టుకొనుట డెబియన్ వారి సంప్రదాయము గనుక దీనిపేరు బుక్‌వర్మ్, అనగా పుస్తకాల పురుగు. ప్రతిష్ఠ ముగిసి తెర వెలిగినది గాని, ఆ వెలుగు హెచ్చదు, తగ్గదు. స్పీకరు మౌనవ్రతము పట్టినది. వైఫై గుర్తు కనబడవలసిన చోట శూన్యము.

"సారూ, వైఫై రావడం లేదండీ."

"దాని ఫర్మ్‌వేరూ అవీ వేరే ఉంటాయి బాబూ. నెట్‌లోంచి దింపుకోవాలి."

"నెట్ ఎలా వస్తుందండీ?"

"వైఫై పనిచేస్తే అదే వస్తుంది."

పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదరదు అను సామెతకు ఇంత శాస్త్రీయమైన ఉదాహరణమును నేను అంతకుముందు చూచి యుండలేదు.

ఇందు డెబియనుది రవ్వంతయు దోషము లేదు. లైనక్సులో యంత్రభాగములను నడుపు డ్రైవర్లలో బహుభాగము కెర్నెల్ కడుపులోనే యుండును. రెండేండ్లు కాశీలో గడిపి యింటికి వచ్చిన ముత్తాత, తాను లేనప్పుడు కాపురమునకు వచ్చిన కోడలిని చూచి "ఎవరమ్మా నీవు?" అని యడుగుట యెంత సహజమో, 2022 డిసెంబరులో వెలువడి డెబియన్ 12లో చేరిన 6.1 కెర్నెల్ 2024 సెప్టెంబరులో వెలువడిన ఈ ప్రాసెసరును గుర్తింపకపోవుటయు అంతే సహజము. ఒకసారి విడుదలయిన పిదప పెద్దమార్పులు చేయకుండుటే డెబియన్ స్థిరశాఖకు గల కీర్తి. ఏండ్ల తరబడి ఆపకుండ నడువవలసిన సర్వర్లకు అది వరము. కెర్నెల్ మాత్రము తొమ్మిదిపది వారములకొకటి క్రొత్తది వచ్చుచునే యుండును. కావున క్రొత్త యంత్రము కొన్నవాడు విచారింపవలసినది ముఖ్యముగా ఒక్కటే: చిప్పు పుట్టినతేది యెప్పుడు, కెర్నెల్ పుట్టినతేది యెప్పుడు? కెర్నెల్ చిన్నదైనకొలది సంబంధము మంచిది. మన పెండ్లిండ్లలో వధూవరుల వయస్సులపై జరుగునంత చర్చలో పదియవ వంతు ఇక్కడ జరిగిన చాలును.

కాని ఆచార్యులవారు అడుగనిది ఆ ఒక్కటే. మెనూ ఎడమనుండవలెనా క్రిందనుండవలెనా, తెరముస్తాబులలో గ్నోమ్ ఘనమా కేడీయీ ఘనమా, ఆర్చ్ లైనక్సు వాడువారికి అంత అహంకారమేల అను విషయములపై వారు రాత్రి పదివరకు ప్రసంగించిరి. వారి స్వంత ల్యాప్‌టాప్ 2011 నాటి థింక్‌ప్యాడ్. పదునాలుగేండ్లనాటి ఆ యంత్రమును గుర్తింపని లైనక్సు భూమండలమున నుండదు గనుక, వారు ఏది ప్రతిష్ఠించుకొన్నను సర్వము పనిచేయును. వారి సిద్ధాంతములన్నియు ఆ నల్లపెట్టె యొడిలో పుట్టి పెరిగినవే.

మావాడు వినయముగా, "సారూ, పాత విడుదలకి కొత్త సరుకు అందించే డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌లో 6.12 కెర్నెల్ ఉందటండీ. నా ఫోన్ని కేబుల్‌తో కలిపితే నెట్ వస్తుంది, దింపేద్దామా?" అనెను. ఆచార్యులవారు చెవులు మూసుకొని, "సింహద్వారం ఉన్న ఇంటికి దొడ్డిదారి ఎందుకయ్యా!" అని మూడవ కాఫీ అడిగిరి. ఇది ఆచారవిరుద్ధము, వారి మనస్సు కలతపడినదని దానివలననే గ్రహించితిని.

వారు కాఫీ చల్లార్చుకొనుచుండగా మావాడు ఫెడోరా 42 అను మరియొక లైనక్సు ఉన్న తన పెన్‌డ్రైవును గ్రుచ్చి, దేనిని తుడువకుండ, పెన్‌డ్రైవునుండియే లైవుగా నడిపించి చూచెను. అది ఏప్రిలులో విడుదలయినది, కెర్నెల్ 6.14. ఎవరి సిఫారసును అక్కరలేకయే ఇట్లు పరీక్షించు సదుపాయముండగా మనుష్యులు ఆచార్యులను ఆశ్రయింపనేల అని నాకు అప్పుడు తోచినది. క్షణములో తెరపై వీధిలోని వైఫైల పేర్లన్నియు బారులు తీరినవి. అన్నిటికంటె పైన ఆచార్యులవారి యింటిదే. మావాడు మీట నొక్కగా వెలుగు తగ్గినది, పాట మ్రోగినది.

ఆచార్యులవారు కనులద్దములు సవరించుకొని తెరను పరిశీలించి, కెమెరాను తెరవుమనిరి. నల్లగా నుండెను. ఎన్నిమారులు తెరచినను నల్లగనే యుండెను. వారి ముఖమున పోయిన కళ అంతయు తిరిగివచ్చినది. "చూశావా? నేను చెప్పలేదూ!" అని లేచి, పెన్‌డ్రైవుల మాలను సంచిలో వేసికొని, "డెబియన్ 13 రానీ బాబూ, స్వయంగా వచ్చి ప్రతిష్ఠ చేస్తాను" అని వాగ్దానము చేసి వెడలిరి.

ఆగస్టు 9న డెబియన్ 13 విడుదలయినది. దానిలో కెర్నెల్ 6.12 అనియు, ఈ యంత్రమునకు అదియు సరిపోవుననియు మావాడే నాకు చెప్పెను. మరునాడు ఆదివారము. ఉదయము కాఫీ వేళకు గేటు చప్పుడు కాగానే వాడు ల్యాప్‌టాప్ మూసి మంచము క్రిందికి నెట్టి, "రిపేరుకిచ్చామని చెప్పు మామయ్యా" అనెను.