నల్లపాడు సైకిలు కథ

గుంతకల్లు వైపు వెళ్లే రైలుదారి నుంచి పగిడిపల్లి వైపు దారి విడిపోయే నల్లపాడులో, ఒక మిర్చి రైతు గొడ్లచావడి వెనుక గోడకు ఆనించి ఉన్న పాత సైకిలు కథ ఇది. ఆ ఇంట్లో ‘బండి’ అనే మాట మొదట ఎడ్లబండికి చెల్లింది, ఆ తరువాత చాలాకాలం ఈ సైకిలుకు చెల్లింది, ఇప్పుడు మోటారు సైకిలుకు చెల్లుతున్నది. పేరు పోయిన నాటి నుంచే దాని కష్టాలు మొదలయ్యాయి.

28 అంగుళాల చక్రాలు, ఇరవై కిలోల బరువు, సీటుకూ హేండిలుకూ నడుమ అడ్డకడ్డీ ఉన్న ఈ హెర్క్యులిస్ సైకిలు, 1949లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ వారి అంబత్తూరు కర్మాగారంలో తయారై, విడిభాగాలుగా గుంటూరు చేరి, అక్కడి దుకాణంలో పుల్లలు అల్లించుకొని 1983లో ఈ ఇంటికి వచ్చింది. తెల్లవారుజామున పాలక్యాన్లు, మధ్యాహ్నం మందుకొట్టే పంపు, సాయంత్రం పచ్చిగడ్డి మోపు, పత్తితీతల రోజుల్లో క్యారేజీ మీద వెనుక చక్రాన్ని మూసేసేంత పత్తి బోరెం: ఇన్నీ మోసినా అది ఏనాడూ బరువు మీద ఫిర్యాదు చేయలేదు. దానిని నిజంగా బాధపెట్టినవి రెండే. మొదటిది నల్లరేగడి, అంటే తడిస్తే జిగురై, ఎండితే నెర్రెలిచ్చే ఇక్కడి నల్లనేల. నాలుగు చినుకులు పడితే ఆ మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దట్టంగా పేరుకొని చక్రాన్ని కదలనివ్వదు, అప్పుడు రైతు పుల్లతో మట్టిని గీకి తీసి, సైకిలును భుజానికెత్తుకొని డొంక దాటవలసి వచ్చేది. రెండవది పల్లేరుకాయ, ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే నిలిచే ఈ కాయ టైరులోంచి ట్యూబుదాకా దిగిపోతుంది.

ఈ సైకిలు బతుకులో అతి ఘనమైన దినం 1980ల చివర ఒక మహాశివరాత్రి నాటిది. కోటప్పకొండ తిరునాళ్లకు గుంటూరు పల్లెల నుంచి జనం ఎడ్లబండ్ల మీద, కాలినడకన, సైకిళ్ల మీద వెళ్లడం అప్పట్లో మామూలు. రైతు, అతని బావమరిది చెరొక సైకిలుపై, ఏడేళ్ల పెద్దకొడుకు ఈ సైకిలు అడ్డకడ్డీ మీద తువ్వాలు పరుచుకొని, చీకటితోనే నల్లపాడులో బయలుదేరారు. క్యారేజీకి పాత ట్యూబు ముక్కతో బిగించిన మూటలో రెండు దుప్పట్లు, పిల్లవాడి కోసం బొరుగులూ అరటిపళ్లూ ఉన్నాయి, పెద్దలిద్దరూ ఉపవాసం. సత్తెనపల్లి రోడ్డు, నరసరావుపేట రోడ్డు చీలే పేరేచర్ల దాకా డైనమో, అంటే టైరుకు రాసుకొని తిరుగుతూ దీపానికి కరెంటు పుట్టించే చిన్న యంత్రం, గుర్రుమంటూ వెలుగునిచ్చింది.

తెల్లవారేసరికి రోడ్డుకు రెండు పక్కలా కల్లాలు కనిపించాయి. కల్లం అంటే మిరపకాయలను ఎండబెట్టడానికి చదును చేసిన నేల. పది పదిహేను రోజులు కాయను తిరగేస్తూ ఎండనిచ్చి, రంగు పోయిన తాలుకాయను ఏరి వేరుచేసి, మంచి కాయను టిక్కీలకు, అనగా మార్కెట్ యార్డుకు పంపే గోతాలకు, ఎక్కిస్తారు. మంచు తగలకుండా రాత్రి కప్పిన పట్టాలను కూలీలు అప్పుడే తీస్తుండగా, గాలిలో లేచిన ఘాటుకు సైకిలు తొక్కేవాళ్లిద్దరికీ తుమ్ములు వచ్చాయి. ఫిరంగిపురం దగ్గర ఎడమ చేతి వైపు కొండవీటి కొండలు కనిపించాయి. రెడ్డిరాజుల రాజధానిగా వెలిగి, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమైన దుర్గం ఆ కొండల మీదే ఉన్నది. అక్కడే బావమరిది వెనుక నుంచి, “బావా, వెనక చక్రం దిగిపోతోంది, ఆగు!” అని కేక వేశాడు. పల్లేరుకాయే. తుమ్మచెట్టు నీడన టైరు విప్పి, ట్యూబును నీళ్లగిన్నెలో ముంచి బుడగలు వచ్చే చోటు పట్టి, గరుకు రాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, ముక్క అంటించి, పంపుతో గాలి కొట్టారు. గంట పట్టింది. రైతు ఆ ముక్కను బొటనవేలితో చాలాసేపు నొక్కిపట్టుకొని కూర్చున్న తీరు ఈ సైకిలుకు ఇప్పటికీ జ్ఞాపకం. అంత శ్రద్ధగా దానిని మళ్లీ ఎవరూ తాకలేదు.

నరసరావుపేట దాటాక దారి నిండా ప్రభలే. వెదురుతో, కర్రలతో ఎత్తుగా కట్టి, రంగుకాగితాలతో, దీపాలతో అలంకరించి కొండ మీది త్రికోటేశ్వరుడికి మొక్కుగా తెచ్చే ఆ కట్టడాలలో డెబ్బై ఎనభై అడుగులు దాటేవి కూడా ఉంటాయి. ఏభై కిలోమీటర్ల పైచిలుకు దారి ముగిసి కొండ కిందికి చేరాక, కోసిన చేలో రెండు సైకిళ్లనూ ఎదురెదురుగా స్టాండు వేసి, హేండిళ్లకు పంచె కట్టి, దాని కింద పిల్లవాణ్ణి పడుకోబెట్టారు. పెద్దలు జాగారం చేస్తుండగా, ఆ రాత్రంతా ఈ సైకిలు ఒక గుడారానికి గుంజగా నిలిచింది. మంచు పంచె మీద కురిసింది, పిల్లవాడి మీద పడలేదు.

సైకిలుకు మర్యాద దక్కే చోట్లూ ఉన్నాయి. నెదర్లాండ్స్ దేశంలో మనుషులు ఒక కోటీ ఎనభై లక్షలు, సైకిళ్లు రెండు కోట్ల ముప్పై లక్షలు. అదీ ఈ నేలలాగే చదునైన దేశం; అక్కడ సైకిలు మీద పల్లెలు చూడబోయేవారు కూడళ్ల వద్ద పాతిన అంకెల పలకలను వరుసగా అనుసరించి, సాయంత్రానికి ఏ రైతు పొలం అంచునో గుడారం వేసుకొంటారు. ఆ మర్యాద ఊరికే రాలేదు. 1971లో రోడ్డు ప్రమాదాలలో 3,300 మంది, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోగా, తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పోరాడిన తరువాతే సైకిలుకు వేరు బాటలు విస్తరించాయి. ఇక్కడ పేరేచర్ల రోడ్డు వెడల్పయింది గాని, సైకిలుకంటూ దాని మీద జానెడు చోటు గీయలేదు.

మోటారు సైకిలు కొన్న ఏడాది దీనిని వసారాలో ఉంచారు, మరుసటి ఏడాది చావడిలోకి, ఆ తరువాత చావడి వెనుకకు నెట్టారు. డైనమోను ఎవరో అడిగితే ఇచ్చేశారు. గంటను పిల్లలు ఊడదీసి ఆడుకొని పారేశారు. టైర్లు ఎండకు బీటలు వారాయి, చైను తుప్పు పట్టి ఒకే కడ్డీలా బిగుసుకుపోయింది, తోలు సీటు మీద కోళ్లు రాత్రి వాలుతున్నాయి. వాడిపడేసినందుకు కాదు, కనీసం నూనెచుక్క వేయనందుకు, వానలో వదిలేసినందుకు దానికి కోపం. అన్నిటికంటే గట్టిగా తగిలినది, పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడు, ఒకప్పుడు పంచె నీడన పడుకొన్న ఆ పెద్దకొడుకే దాని వెల కిలోల్లో అడగడం. బేరం కుదరక ఆ కొనేవాడు వెళ్లిపోయాడు గాని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

ఫ్రేము ఎక్కడా విరగలేదు, రిమ్ములు వంగలేదు. రెండు టైర్లు, రెండు ట్యూబులు, ఒక చైను, ఇరుసుల్లో గ్రీజు ఉంటే వచ్చే శివరాత్రికి కోటప్పకొండ దాకా వెళ్లి రాగలదు.