బాయి దిగని ఫోన్

నన్ను బాయిలోకి తీసుకుపోరు. బొగ్గుబాయిలో మీథేన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. బీడీ, అగ్గిపెట్టెల్లాగే నాకూ అక్కడ ప్రవేశం లేదు. అందుకే నా యజమాని శ్రీరాంపూర్‌లో డ్యూటీకి పోతే నేను క్వార్టర్‌లో టీవీ పక్కన మేకుకు వేలాడుతుంటాను. మీటలు అరిగిన కీప్యాడ్ ఫోన్‌ను. మెసేజ్ వస్తే టింగుమంటాను, కరెంటు పోతే టార్చి వెలిగిస్తాను.

ఆయనకు షుగర్ ఉందని తేలాక మంచిర్యాలలో చూపించుకునే క్లినిక్ వాళ్లు నా నంబరు రాసుకున్నారు. అప్పటినుంచి మాత్ర వేసుకున్నారా, నడిచారా అంటూ మెసేజ్‌లే మెసేజ్‌లు. ఇంగ్లిష్‌లో ఒక్క మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, అందులో గుడి, కొమ్ము, వత్తు అన్నీ లెక్కకొస్తాయి. కాబట్టి ముక్తసరిగానే ఉంటాయి.

ఈ పని నాతో మొదలైంది కాదు. 2012లో ఆరోగ్య వరల్డ్ సంస్థ నోకియాతో కలిసి పన్నెండు భాషల్లో షుగర్ జాగ్రత్తలు పంపింది. 2016లో మిస్డ్‌కాల్ ఇస్తే చాలు, మెసేజ్‌లు వస్తాయంటూ కేంద్రం ఎం-డయాబెటిస్ తెచ్చింది. చెన్నై డాక్టరు ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్తుల మీద ఇలాంటి మెసేజ్‌లను పరీక్షించి 2013లో ఫలితం చెప్పింది: రెండేళ్లలో మెసేజ్‌లు అందనివాళ్లలో నూటికి 27 మందికి షుగర్ వస్తే, మెసేజ్‌లు అందినవాళ్లలో 18 మందికే వచ్చింది. అయితే తర్వాత మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ చేసిన మరో పెద్ద పరీక్షలో అంత తేడా తేలలేదు. నాకు ఆశ్చర్యమేమీ లేదు. మెసేజ్ ఒక్కటే, అందుకునే ఇళ్లు వేరు.

మా ఇంటి సంగతే చూడండి. పొద్దున్నే 'మాత్ర వేసుకోండి' అని వస్తుంది. లోకానికి అది టిఫిన్ వేళ. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషికి పడక వేళ. ఓరోజు ఆయన షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ మింగి, ఏమీ తినకుండానే పడుకున్నాడు. కాసేపటికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. ఆయన భార్య, నేను అమ్మ అనే మనిషి, చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి తేరుకున్నాడు. మర్నాడే నన్ను కొంగున కట్టుకుని క్లినిక్‌కు పోయింది.

"మా ఆయనకు రాత్రి షిఫ్టప్పుడు పగలే రాత్రి సారూ. మీ మెసేజ్‌కు ఆ ముచ్చట ఎర్కలేదు."

అప్పటినుంచి వారం షిఫ్టు ఏదో ఆమె 1, 2, 3 నొక్కి చెబుతుంది, మెసేజ్ వేళ దాన్నిబట్టి మారుతుంది. 'తిన్నాకే పడుకోండి' అనే మాట కూడా చేరింది.

నాకు ఇష్టమైనది మాత్రం పాదాల మెసేజ్. తడిలో పని, షిఫ్టంతా బూట్లు, మొద్దుబారిన అరికాళ్లు. రాయి గుచ్చుకున్నా తెలియదు. ఆ మెసేజ్ రాగానే అమ్మ ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని నా టార్చి వేసి వేళ్ల సందులన్నీ చూస్తుంది. మొన్న చిటికెన వేలి పక్కన తెల్లగా నాని చీలిన చర్మం కనబడింది. ఎరుపు ఇంకా పాకలేదు. పుండు కాకముందే డ్రెస్సింగ్ అయింది.

"నా ఫోన్‌కొచ్చిన మెసేజ్ నువ్వు సదువుడేందే?" అని ఆయన విసుగు.

"సదివింది సాలు గని, రెండో కాలు ఇటు పెట్టు."