ఆఫ్‌సైడు మావ

క్రికెట్ పిచ్చి ఉన్నవాడికి మా రెండు జిల్లాల్లో ఎక్కడైనా తోడు దొరుకుతుంది. రైతుబజారులో వంకాయలు ఏరుకుంటూ "స్కోరెంతరా?" అని గాలిలోకి అడిగినా ముగ్గురు జవాబు చెబుతారు. ఫుట్‌బాల్ లీగు పిచ్చి ఉన్నవాడి సంగతి అలా కాదు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఊరికొకడు ఉంటాడు, ఆ ఒక్కడే ఉంటాడు. విజయనగరంలో మా వీధికి దక్కినాయన్ని అందరూ ఆఫ్‌సైడు మావ అంటారు. అసలు పేరు ఓటరు కార్డు మీద ఉంది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు, నల్ల గీతలున్న పసుపు జెర్సీ, కింద గళ్ల లుంగీ. కనబడ్డ ప్రతి మనిషికీ ఆఫ్‌సైడు నిబంధన నేర్పేదాకా వదలడు. ఒకసారి గంటస్తంభం దగ్గర టీ బడ్డీలో పాఠం మొదలెట్టాడు.

"కాంప్లెక్సులోకి బస్సొస్తాది. ఇంకా ఆగనేదు. జనమంతా ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. ఒకడు ముందే పరిగెట్టి కిటికీలోంచి తువ్వాలేసీసినాడు. బండి ఆగీసరికి సీటు నాదంటాడు. అదీ ఆఫ్‌సైడంటే."

టీ కాసే కుర్రాడు గరిటె ఆపి ఆలోచించాడు. "మరందులో తప్పేటి మావా? అలగ వెయ్యకపోతే సాలూరు దాకా నిలబడాలి గదా."

మావ గ్లాసు కింద పెట్టేశాడు. "అందికేరా ఈ దేశం ఇంతవరకూ ప్రపంచ కప్పు ఆడనేదు!"

1950లో బ్రెజిల్ వెళ్లి ఆడే అవకాశం చేతిదాకా వచ్చినా మన జట్టు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పడానికి పండితులు నానా కారణాలూ చూపిస్తారు. మావ లెక్కలో అన్నిటికీ మూలం తువ్వాలే.

ఈ పిచ్చి విజయనగరంలో అంటుకున్నది కాదు. ఈ గడ్డ మీద బరువులెత్తేవాళ్లు పుడతారు. వీరఘట్టంలో కోడి రామమూర్తి పుట్టాడు, ఆమదాలవలస వైపు నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ దాకా వెళ్లి ఒలింపిక్ కంచు పతకం పట్టుకొచ్చింది. బంతిని కాలితో తన్నే విద్య మావకు ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. వాళ్ల నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఉత్తరాంధ్ర కుటుంబాలు ఆ ఊళ్లో ఎన్ని ఉన్నాయో, అక్కడి వీధుల్లో తెలుగెంత వినబడుతుందో మా వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. బెంగాల్లో పుట్టిన మగపిల్లాడు ఊహ తెలిసే లోపల మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా తేల్చుకోవాలి. మావ నాన్న ఈస్ట్ బెంగాల్ పక్షం చేరడానికి ఒకటే కారణం: ఆ జట్టులో అప్పారావు ఉన్నాడు.

కథ కాదు, నిజంగానే ఉన్నాడు. 1949 నుంచి కొన్నేళ్లపాటు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే అయిదుగురు ముందు వరసలో ఆడి కలకత్తాను ఊపేశారు. బెంగాలీలు వాళ్లకు పంచపాండవులని పేరు పెట్టారు. మావ నాన్న ఇంటిపేరైనా విచారించకుండా అందులో ఒక పాండవుడితో చుట్టరికం కలిపేసుకున్నాడు. "అప్పారావంటే మన వైపోడే. ఇంకెవుడు పెట్టుకుంటాడ్రా ఆ పేరు?" తండ్రి మావకు ఇచ్చిపోయిన ఆస్తి ఆ తర్కమొక్కటే. దాన్ని ఆయన బాగా వృద్ధి చేశాడు.

2019లో పుణే జట్టు మూతపడి, ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. మావ ఆ రోజు నుంచే "మనం" అనడం మొదలెట్టాడు. మన డిఫెన్సు, మన కోచ్, మన గచ్చిబౌలి స్టేడియం. ఆ స్టేడియం ఆయన చూసింది లేదు. "రాష్ట్రం విడిపోయింది కదా మావా, హైదరాబాద్ ఇంకా మనదేంటి?" అని నేనో రోజు నోరు జారాను. లోపలికెళ్లి విభజన చట్టం కాగితాలు పట్టుకొచ్చాడు.

"సెక్షన్ 5 సదువు. పదేళ్లు ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2 దాకా ఆ టీము మీద మనకి హక్కున్నాది. కాదేటి?"

ప్రభుత్వం ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని అమరావతి వచ్చేసింది. అందరూ వదిలేసుకున్న ఆ హక్కును గచ్చిబౌలి మైదానంలో మావ ఒక్కడే కాపాడుతూ వచ్చాడు. ఆయన కాపలా అక్కడితో ఆగదు. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన సంగతి చెప్పేటప్పుడు, తానూ ఆ పోలీసుల్లో కానిస్టేబులైనట్టే చెబుతాడు. రహీం కోచ్‌గా ఉండగా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ స్వర్ణం దగ్గరికొచ్చేసరికి మావ గొంతు జీరపోతుంది. అత్త కాఫీ గ్లాసు అందిస్తుంది. ఎన్నోసారి అందిస్తోందో ఆవిడకే తెలియాలి.

మొదటి సీజన్లో కొత్త జట్టు 18 ఆటలు ఆడి 2 గెలిచింది. లీగులో పది జట్లుంటే పదో స్థానంలో నిలిచింది. "టాప్ టెన్‌లో ఉన్నాం" అన్నాడు మావ.

తర్వాత మంచిరోజులొచ్చాయి. 2022 మార్చి 20న గోవా ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు. 68వ నిమిషంలో కేరళ గోలు, 88వ నిమిషంలో తవోరా కొట్టిన గోలుతో సమం, ఆపైన పెనాల్టీ షూటౌటు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, నర్జరీ ఆఖరి దెబ్బ కొట్టాడు, 3-1తో కప్పు వచ్చింది. ఆ సీజన్లో నైజీరియా నుంచి వచ్చిన ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. కోచ్ మనోలో మార్కెజ్‌ది స్పెయిన్. తవోరా, కట్టిమణిలది గోవా. నర్జరీది అస్సాం.

"ఇందులో మనోడెవడు మావా?"

"కట్టిమణి! ఇంటిపేరు వింటే తెలవట్లేదేటి? బొబ్బిలి అవతల కట్టిమణోలు ఉండే ఉంటారు."

అప్పారావు తర్కం బొబ్బిలి దాకా పాకిందన్నమాట.

కప్పు వచ్చిన ఏడాది మావని చూసి మెచ్చుకోవడంలో గొప్పేముంది. మనిషిని చూడాల్సింది 2023-24 సీజన్లో. కోచ్ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. క్లబ్బులో డబ్బు కరవై ఆటగాళ్లకు జీతాలు అందలేదు. సీజను సగంలో విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానమెక్కేశారు. జొవావ్ విక్టర్ అనే బ్రెజిల్ ఆయన ఒక్కడూ మిగిలాడు. మిగతా మైదానమంతా కుర్రాళ్లే. రాత్రి పూట ఆట మొదలయ్యేది. అదే వేళకి అత్త సీరియలు. టీవీ మీద అధికారం ఆవిడది కాబట్టి మావ పెరట్లో బావి గట్టు మీద కూర్చుని ఫోన్లో చూసేవాడు. పావుగంటకోసారి చీకట్లోంచి "అయ్యో!" అని వినబడేది. ఎదురింటి ముసలమ్మ తేలు కుట్టిందనుకుని రెండుసార్లు లాంతరు పట్టుకొచ్చింది. ఆ తర్వాత రావడం మానేసింది. నిజంగా తేలు కుట్టి ఉంటే ఏమయ్యేదో!

అత్త నాతో అంది: "జీతాల్లేనోళ్లు నిబ్బరంగా ఆడతన్నారు బాబూ. పింఛనీ వొస్తన్న ఈయనకేటి, నిద్ర నేదు."

ఆ ఏడాది లెక్క ఇది: 22 ఆటలు, 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. కొట్టిన గోల్స్ 10, తిన్నవి 43. ఈ అంకెలు చూసి మామూలు మనిషి జెర్సీ ఉతికి బీరువాలో పెట్టేస్తాడు. మావ కాగితం మీద భాగహారం చేశాడు. "ఆటకి రెండు గోల్స్ గూడా తినీనేదురా. ఒకటీ, పైన చిల్లర."

వీధి చివర ఇంజనీరింగ్ గుంటలు నలుగురు ఉన్నారు, మాంచెస్టర్ యునైటెడ్ భక్తులు. రాత్రి పన్నెండు దాటాక ఆట చూసి, పొద్దున్న తొమ్మిది గంటల క్లాసులో నిద్రపోయే జాతి. వాళ్లూ "మనం" అనే అంటారు. ఆ ఏడాది వాళ్ల మనం 60 పాయింట్లతో ఎనిమిదో స్థానంలో కూలబడింది.

"మాంచెస్టరు మీదెలగైనాదిరా? ఇంగ్లీషోడు ఎల్లిపోయి ఎన్నాళ్లైనాది?" అని మావ.

"మరి హైదరాబాదు నీదెలగైనాది మావా?"

మావ కాగితాల కోసం లోపలికెళ్లాడు. గుంటలు ఆ సందున పరుగు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లు మావని చూసి కుళ్లుకునేవారు. ఇంగ్లండులో అడుగున ఉన్న మూడు జట్లను కింది లీగులోకి తోసేస్తారు. మన లీగులో అప్పటికి అలాంటి ఏర్పాటు లేదు. ఎంత ఘోరంగా ఆడినా మరుసటి ఏడాది కుర్చీ అలాగే ఉండేది. "సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం లాంటిదే" అనేవాడు మావ, రిటైరైన రైల్వే ఉద్యోగి గర్వంతో.

అసలు చిక్కు ఫుట్‌బాల్ నుంచి రాలేదు. అది ఎన్నికల సంవత్సరం. పసుపు జెర్సీ వేసుకుని మనిషి ఊళ్లో తిరుగుతుంటే జనం జెర్సీ వెనకాల అంకె చూస్తారా? ఒక పార్టీ వాళ్లు పలకరించడం మానేశారు. ఇంకో పార్టీ వాళ్లు ఇంటికొచ్చి కరపత్రాల కట్ట చేతిలో పెట్టి, "ఈ వీధి మీరే చూసుకోవాలి" అన్నారు. మావ వాళ్లని కూర్చోబెట్టి ఆఫ్‌సైడు చెప్పాడు. మళ్లీ రాలేదు.

ఇంతలో మార్చి నెలలో, చెన్నైలో, ఆ సీజను మొత్తానికీ ఉన్న ఆ ఒక్క గెలుపూ వచ్చింది. చెన్నయిన్ జట్టు మీద 1-0. మావ మర్నాడు పొద్దున్నే మాడుగుల హల్వా పొట్లాలతో వీధిన పడ్డాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రంలో మూడు పార్టీల పొత్తు ఖాయమైంది. పసుపు జెర్సీ మనిషి ఊరంతా మిఠాయి పంచుతుంటే ఎవరైనా ఏమనుకుంటారు? సగం మంది తిని అభినందించారు, సగం మంది పొట్లం వెనక్కిచ్చేశారు. "సెన్నై మీద గెలిసీసినాం!" అని మావ అరుస్తుంటే, క్రికెట్‌వాళ్లు ఐపీఎల్ ఇంకా మొదలవందే ఎలా గెలిచారని ఆరా తీశారు.

క్రికెట్ అంటే గుర్తొచ్చింది. క్రికెట్‌వాళ్లు మరీ ఏడిపిస్తే మావ దగ్గర ఒక బాణం ఉంది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు కెప్టెన్ విజ్జీ, మన విజయనగరం రాజకుమారుడు. ఆడింది 3 టెస్టులు, చేసింది 33 పరుగులు. "మన ఊరు క్రికెట్‌కి సెయ్యాల్సిన సేవ అప్పుడే సేసీసింది. ఇంక నన్నొగ్గీండి" అంటాడు. మిగతా అందరితో చుట్టరికం కలిపే మావ, సొంత ఊరి విజ్జీని మాత్రం పరాయివాడిగానే ఉంచడం నాకు భలే నచ్చుతుంది.

2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు తీరింది. ఆ రోజు మావ అన్నం సరిగా తినలేదని అత్త చెప్పింది. జూన్ 4న ఎన్నికల ఫలితాలొచ్చాయి. దాంతో పసుపు జెర్సీకి వీధిలో ఒక్కసారిగా మర్యాద పెరిగిపోయింది. ఇంటి ప్లాను మంజూరు కాలేదని ఒకడు, కూతురి బదిలీ కోసం ఇంకొకడు దరఖాస్తులు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. మావ దరఖాస్తులు తీసుకుని, వెనక తెల్లగా ఉన్న వైపు వచ్చే సీజను ఆటల పట్టిక రాసుకున్నాడు.

ఆ సీజనూ గొప్పగా సాగలేదు. పదమూడు జట్లలో పన్నెండో స్థానం. ఒక మెట్టు పైకెక్కామని మావ సంబరం. 2025లో అసలు లీగే సమయానికి మొదలు కాలేదు. ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగు నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం ముగిసే వేళకి కొత్తది కుదరక సెప్టెంబరులో రావాల్సిన ఆట వాయిదా పడింది. ఆ ఖాళీలోనే క్లబ్బు హైదరాబాదు వదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. అక్టోబరులో దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

నేను పరామర్శకు వెళ్లాను. చట్టం గడువు అయిపోయింది, ఊరు మారింది, పేరు మారింది, ఇప్పుడిక ఏ సెక్షను చూపిస్తాడోనని లోపల కొంచెం సరదా కూడా ఉందనుకోండి. మావ బావి గట్టు మీద కూర్చుని ఫోన్లో కొత్త జట్టు ఆటగాళ్ల పేర్లు చదువుతున్నాడు. ఇంటిపేర్లు వెతుకుతున్నాడని నా అనుమానం.

"ఏటలగ నిలబడిపోనావు? కూకో. ఆంధ్రా భవన్ ఎక్కడున్నాది?"

"ఢిల్లీలో."

"అక్కడి బోజనం మనది కాదేటి? మరైతే టీము మాత్రం ఎందుకు కాదు?"

జవాబు దొరక్క లేచి వచ్చేశాను. మీకు విజయనగరంలో పని పడి, గంటస్తంభం దగ్గర పసుపు జెర్సీ పెద్దాయన పిలిచి హల్వా పెడితే ఏ పార్టీ అని అడక్కండి. తీసుకుని, "మనోళ్లు బాగా ఆడినారు" అనండి. ఎక్కడ ఆడారో, ఎవరు ఆడారో ఆయనే చెబుతాడు. చేతిలో గంటన్నర ఖాళీ ఉంటేనే సుమా!